చదువు అప్పు: కట్టనక్కరలేని ఏళ్లలోనే పెరిగే భారం

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో పాలకొల్లులో బ్యాంకు మెట్లెక్కే తండ్రుల సంఖ్య పెరుగుతుంది. కొబ్బరి కమీషన్ కొట్టులో గుమాస్తా, బజారులో కుట్టుమిషను మీద బతికే దర్జీ, కువైట్‌లో అయిదారేళ్లు కష్టపడి తిరిగొచ్చి చిన్న దుకాణం పెట్టుకున్న భాయి, అందరూ మేనేజరును అడిగేది ఒకే మాట: 'మా వాడికి లోను ఎంత వస్తుందండీ?' ఇది సహజమైన ప్రశ్నే. కానీ దీనితోపాటు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. 'ఈ అప్పు మా ఇంటి మీద ఎన్నేళ్లు ఉంటుంది?' ఈ రెండో ప్రశ్న అడగకుండా పెట్టిన సంతకమే తర్వాత పది పదిహేనేళ్ల పాటు కుటుంబాన్ని కట్టిపడేస్తోందన్నది మా అభిప్రాయం.

చదువుకోసం అప్పు చేయడం తప్పని మేము అనడం లేదు. అప్పు లేకపోతే కాలేజీ గడప తొక్కని పిల్లలు మన వీధుల్లోనే ఎందరో ఉన్నారు. అయితే అప్పు ఎలా పెరుగుతుందో తెలిసి తీసుకోవడం వేరు, తెలియక తీసుకోవడం వేరు.

అప్పు అవసరం ఎక్కడ మొదలవుతోంది?

మన రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద కుటుంబాల పిల్లలను ఇంజనీరింగు, ఫార్మసీ కాలేజీల దాకా తీసుకెళ్లిందన్నది నిర్వివాదాంశం. 2007 చట్టం ప్రకారం ముస్లిములలోని వెనుకబడిన తరగతులకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను దక్కింది. దానిని హైకోర్టు 2010లో కొట్టివేసినా, సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతోంది. దూదేకుల సోదరులు బీసీ-బిలో ఉన్నారు. మంచి ర్యాంకు వచ్చి కన్వీనర్ కోటాలో సీటు దొరికిన పిల్లవానికి ట్యూషను ఫీజు బెంగ చాలావరకు ఉండదు.

బెంగ మిగిలేది ఆ గీతకు అవతల ఉన్నవారికి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కన్వీనర్ సీటు వచ్చినా హాస్టలు, మెస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఖర్చులు తప్పవు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైన సంవత్సరాల్లో కాలేజీలు ముందు మీరు కట్టండని తల్లిదండ్రుల మీదకే వచ్చిన సందర్భాలు కొల్లలు. అలాంటప్పుడు చాలామంది నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి కడతారు. అంటే ఏడాదికి 24 శాతం! బ్యాంకు లోను రాకముందే ఇంటి మీద ఒక అప్పు వచ్చి కూర్చుంటుందన్నమాట.

పాలకొల్లులో ఏఎస్ఎన్ఎం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఇంజనీరింగుకు భీమవరమో నరసాపురమో పోవాలి. వైద్య విద్య సంగతి చెప్పనక్కరలేదు. రాష్ట్రంలో తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాలకొల్లు ఒకటి. 2021 మే 31న దీనికి శంకుస్థాపన జరిగింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని ఆమోదించగా, ఆ జాబితాలోనూ పాలకొల్లు ఉంది. అంతకుముందు 2023 జూలైలో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలకు ఖరారు చేసిన ఏడాది ఫీజులు చూడండి: రాష్ట్ర కోటాలో సగం సీట్లకు 15 వేల రూపాయలు, 35 శాతం సీట్లకు 12 లక్షలు, 15 శాతం ఎన్ఆర్ఐ సీట్లకు 20 లక్షలు. ఒకే గదిలో, ఒకే పాఠం వినే ఇద్దరు పిల్లల్లో ఒకరి ఫీజు స్కాలర్‌షిప్పుతో తీరిపోతే, మరొకరి ఫీజు ఇల్లు తనఖా పెట్టనిదే తీరదు. తక్కువ ఫీజు సీట్లు ఎన్ని ఉంటాయన్న దాని మీదే మన ఊళ్లో ఎన్ని ఇళ్ల దస్తావేజులు బ్యాంకుకు చేరతాయన్నది ఆధారపడి ఉంటుంది. కాలేజీ ఎవరి యాజమాన్యంలో నడిచినా ప్రజలు ముందు అడగవలసింది ఈ లెక్కనే.

బ్యాంకు ఇచ్చేది, రాయించుకునేది

నేటి విద్యా రుణాల తీరు 2001లో భారతీయ బ్యాంకుల సంఘం తయారు చేసిన నమూనా పథకం నుంచి వచ్చింది. దాని ప్రకారం 4 లక్షల వరకు తల్లిదండ్రులు సహరుణగ్రహీతలుగా సంతకం చేస్తే చాలు. 4 నుంచి 7.5 లక్షల వరకు మూడో వ్యక్తి జామీను అడిగేవారు. 2015లో కేంద్రం రుణ హామీ నిధి ఏర్పాటు చేశాక, దాని పరిధిలోకి వచ్చే 7.5 లక్షల లోపు రుణాలకు జామీను, తనఖా అవసరం లేకుండా పోయింది. ఆ మొత్తం దాటితే ఇల్లో పొలమో చూపవలసిందే.

చదువు సాగినంత కాలం, ఆపైన మరో ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు. దీనినే మారటోరియం అంటున్నారు. తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్లలో తీర్చవచ్చు. వినడానికి ఎంతో వెసులుబాటుగా ఉన్న ఈ నిబంధనలోనే అసలు మెలిక ఉంది. కట్టనక్కరలేని ఆ అయిదేళ్లూ వడ్డీ ఆగదు. బారువడ్డీ చొప్పున పెరుగుతూ వచ్చి, వాయిదాలు మొదలయ్యే రోజున అసలులో కలిసిపోతుంది. ఆనాటి నుంచి వడ్డీ మీద కూడా వడ్డీ నడుస్తుంది.

కాగితం మీద పెట్టి చూద్దాం

నాలుగేళ్ల బీటెక్‌కు ఏడాదికి లక్షన్నర చొప్పున 6 లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం. లెక్క సులువు కోసం వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది ఇచ్చిన లక్షన్నర మీద అయిదేళ్లు వడ్డీ నడుస్తుంది: 75 వేలు. రెండో ఏటి సొమ్ము మీద 60 వేలు, మూడో ఏటిపై 45 వేలు, చివరి ఏటిపై 30 వేలు. మొత్తం 2 లక్షల 10 వేలు. అబ్బాయి ఇంకా మొదటి వాయిదా కట్టలేదు, ఆరు లక్షల అప్పు మాత్రం 8 లక్షల 10 వేలయింది.

దీనిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 రూపాయలు. మొత్తం కట్టేది 12 లక్షల 84 వేలు. భారం తగ్గుతుందని పదిహేనేళ్లు పెట్టించుకుంటే నెల వాయిదా 8,700కు దిగుతుంది, మొత్తం మాత్రం 15 లక్షల 66 వేలకు ఎగబాకుతుంది. నెలకు రెండు వేలు తగ్గించుకున్నందుకు 2 లక్షల 80 వేలు అదనంగా కట్టాలన్నమాట.

ఇప్పుడు మరొక దారి చూద్దాం. చదువు సాగుతుండగానే ఏ నెల వడ్డీ ఆ నెల కడుతూ వస్తే మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత రెండేళ్లు 5,000 రూపాయలు కట్టాలి. అప్పుడు వాయిదాలు ఆరు లక్షల మీదే మొదలవుతాయి. నెలకు 7,930 చొప్పున పదేళ్లలో తీరిపోతుంది. ముందు కట్టిన వడ్డీతో కలిపి మొత్తం 11 లక్షల 61 వేలు. లక్షా 23 వేలు మిగిలినట్టే. చిట్టీ కట్టే అలవాటున్న ఇంటికి మొదటి ఏడాది నెలకు 1,250 రూపాయలు మోయలేని బరువేమీ కాదు. ఈ సంగతి చెప్పేవారు లేకనే చాలా కుటుంబాలు ఆ దారి తొక్కడం లేదు.

సంతకం ఎవరిది, భారం ఎవరిది?

చదివేది కొడుకో కూతురో అయినా, కాగితం మీద తండ్రి సంతకం కూడా ఉంటుంది. వాయిదాలు ఆగితే పిల్లవాడి రుణ చరిత్రతో పాటు తండ్రిది కూడా దెబ్బ తింటుంది. రేపు ఆ తండ్రి దుకాణంలో సరుకుకు అప్పు అడిగితే బ్యాంకువారు కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపుతారు. అసలే ముస్లిములకు బ్యాంకు రుణాలు అందడంలో లోటు ఉందని, వారు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా చూస్తున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. అలాంటి స్థితిలో ఉన్న ఒక్క ఖాతా కూడా పాడైతే ఆ ఇంటికి మిగిలేది నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారే.

ఇంతకన్నా బాధాకరమైన సంగతి ఇంకొకటుంది. పెద్దవాడి వాయిదాలు మొదలయ్యే సమయానికి చిన్నదాని ఇంటర్ పూర్తవుతుంది. నెలకు పాతిక వేలు తెచ్చే కొడుకు పదివేలు బ్యాంకుకు కడుతూ, మిగిలిన దానిలో పట్నంలో గది అద్దె, తిండి చూసుకుంటే, ఇంటికి పంపేది ఏముంటుంది? 'అన్నయ్య అప్పు తీరాక చూద్దాం లేమ్మా' అన్న మాటతో ఎందరో ఆడపిల్లల చదువు ఆగిపోతోంది. అన్న చదువుకు చేసిన అప్పును చెల్లెలు తన చదువుతో తీరుస్తోందంటే అతిశయోక్తి కాదు. ఈ నష్టం ఏ బ్యాంకు లెక్కలోనూ కనిపించదు.

సముద్రం దాటిన అప్పు

విదేశీ చదువులకు చేసే అప్పు మరీ పెద్దది. మన రుణం రూపాయల్లో మంజూరవుతుంది, అమెరికా కాలేజీ ఫీజు డాలర్లలో ఉంటుంది. 2014లో సుమారు 60 రూపాయలున్న డాలరు 2025లో 85 దాటింది. ఎంఎస్ ముగిశాక అక్కడే రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి అప్పు తీర్చేయవచ్చునన్నది అందరూ వేసుకునే లెక్క. ఆ లెక్క ఎంత బలహీనమైనదో 2025లో చూశాం. మే నెలాఖరులో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కేటాయింపును కొన్ని వారాలు నిలిపివేసింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. వాషింగ్టన్‌లో పెట్టిన ఒక్క సంతకంతో గోదావరి జిల్లాలో తనఖా పెట్టిన ఇల్లు ప్రమాదంలో పడుతోంది.

అంతటి సంపన్న దేశంలోనూ సొంత పౌరులే ఈ భారం మోయలేక అవస్థ పడుతున్నారు. అక్కడ సుమారు 4 కోట్ల 30 లక్షల మంది మీద 1.6 లక్షల కోట్ల డాలర్లకు పైగా ప్రభుత్వ విద్యా రుణం ఉంది. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ ప్రకటించిన మాఫీని 2023 జూన్ 30న అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. మాఫీ వస్తుందని ఎదురుచూస్తూ వాయిదాలు ఆపుకోవడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు తీసుకున్న రుణంపై మారటోరియం కాలపు వడ్డీని భరించేందుకు కేంద్రం నడిపిన 'పఢో పర్‌దేశ్' పథకం కూడా 2022-23 నుంచి లేదు. ఆ పేరు చెప్పి దరఖాస్తులు నింపే దళారులను నమ్మవద్దు.

వడ్డీ అనే ముల్లు

మన పాఠకులలో చాలామందిని బాధించే విషయం వడ్డీ. చదువు తప్పనిసరి అవసరం కనుక విద్యా రుణానికి వెసులుబాటు ఉందా లేదా అన్నదానిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. అయితే ఇది మన ఊరి సమస్య మాత్రమే కాదని గుర్తించాలి. ఇంగ్లండులో 2012లో కాలేజీ ఫీజులు ఏడాదికి 9 వేల పౌండ్ల దాకా పెరిగి, విద్యా రుణాలపై ద్రవ్యోల్బణాన్ని మించిన వడ్డీ వచ్చింది. వడ్డీ వద్దనుకున్న ముస్లిం విద్యార్థులు కొందరు చదువుకే దూరమయ్యారు. వడ్డీ లేని ప్రత్యామ్నాయం తెస్తామని అక్కడి ప్రభుత్వం 2013లో మాట ఇచ్చింది. 2017లో చట్టంలో వీలు కల్పించింది. 2025 నాటికీ అది అమలులోకి రాలేదు. ప్రభుత్వాల మాటమీద కూర్చుంటే ఒక తరం కాలేజీ వయసు దాటిపోతుందని ఈ అనుభవం చెబుతోంది.

మన దగ్గర దారులు లేకపోలేదు. ఖర్జె హసన్, అంటే వడ్డీ లేని మంచి అప్పు, మనకు కొత్త మాట కాదు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒకరని అందరికీ తెలుసు. లోపం ఎక్కడంటే, మన సాయం తరచుగా ఆలస్యంగా వస్తోంది. పిల్లవాడు చివరి ఏడాదికి వచ్చి, ఫీజు కట్టలేక సర్టిఫికెట్లు ఆగిపోయిన రోజున నలుగురూ చందాలు వేస్తారు. పై లెక్క మళ్లీ చూడండి. మొదటి ఏటి లక్షన్నర మీద వడ్డీ 75 వేలు, చివరి ఏటి లక్షన్నర మీద 30 వేలే. అంటే అన్నిటికన్నా ఖరీదైన రూపాయి మొదటి ఏటి రూపాయి. అదే లక్షన్నర సాయం చివరి ఏడాది చేస్తే నెల వాయిదా సుమారు 8,325కు తగ్గుతుంది. మొదటి ఏడాది చేస్తే 7,730కే దిగుతుంది. పదేళ్లలో తేడా 71 వేల పైచిలుకు. ఇచ్చే చెయ్యి అదే, ఇచ్చే సొమ్ము అదే. ఇచ్చే వేళ మాత్రమే మారింది. అందుచేత మస్జిదు కమిటీలు, కలిగిన కుటుంబాలు తమ విద్యా సాయాన్ని కౌన్సెలింగ్ నెలలోనే, మొదటి ఏటి ఫీజుకే కేటాయించాలని మేము కోరుతున్నాము. ఉద్యోగం వచ్చాక ఆ సొమ్ము తిరిగి కడితే అది మరో పిల్లవాడి మొదటి ఏటి ఫీజు అవుతుంది.

సంతకానికి ముందు

కొన్ని సంగతులు ప్రతి తల్లి, తండ్రి తెలుసుకోవాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, గుర్తింపు పొందిన సంస్థలో సాంకేతిక, వృత్తి విద్య చదువుతుంటే మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. మన ఉదాహరణలోని 2 లక్షల 10 వేలు ఈ ఒక్క పథకంతో తుడిచిపెట్టుకుపోతాయి. దానంతటది రాదు, ఆదాయ ధ్రువపత్రంతో బ్యాంకులో అడగాలి. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన ఉన్నత విద్యా సంస్థలలో చేరిన 8 లక్షల లోపు ఆదాయ కుటుంబాల పిల్లలకు 10 లక్షల వరకు రుణంపై మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో సీటు ఖాయం చేసుకునే ముందే చూసుకోవాలి.

జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 1994లో ఏర్పడింది. తక్కువ వడ్డీ విద్యా రుణాలు రాష్ట్ర సంస్థల ద్వారా ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. ఈ ఏడాది మన రాష్ట్రంలో అవి అందుతున్నాయా అన్నది భీమవరంలోని జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో వేసవిలోనే అడిగి తెలుసుకోవడం మంచిది. ఇక మారే వడ్డీ రుణాన్ని గడువుకు ముందే తీర్చినా వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. కనుక ఏ పండుగ బోనసో, పంట సొమ్మో చేతికొస్తే అసలులో జమ వేయించవచ్చు.

ప్రభుత్వం చేయవలసిందీ ఉంది. కేరళ 2017లో విద్యా రుణాల వాయిదాలలో కొంత వాటాను మొదటి నాలుగేళ్లు తానే భరించే పథకం తెచ్చింది. మొదటి ఏడాది ఎక్కువ, తర్వాత ఏడాదికేడాది తక్కువ. ఉద్యోగం కుదురుకునే వరకు చేయూతనిచ్చే ఇటువంటి ఏర్పాటు మన రాష్ట్రంలో ఎందుకు ఉండకూడదు? రీయింబర్స్‌మెంట్ సొమ్ము సకాలంలో విడుదల చేయడం దానికన్నా ముందు జరగాలి.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పు రాతపని గురించినదే. నమాజు గురించో ఉపవాసం గురించో కాక, ఇచ్చిపుచ్చుకునే కాగితం గురించి అంత వివరంగా చెప్పడంలోని ఉద్దేశం మనకు తెలియనిది కాదు. రాసింది చదవాలి, చదివింది అర్థం కావాలి, గడువు స్పష్టంగా ఉండాలి. మన పిల్లలు బీటెక్‌లు, ఎంబీయేలు చదువుతున్నారు. తమ పేరిట తీసుకునే అప్పు కాగితాన్ని అబ్బాకు, అమ్మీకి తెలుగులో చదివి వినిపించే బాధ్యత వారిదే. ఎన్నేళ్లు, ఎంత వడ్డీ, ఏ రోజున అసలులో కలుస్తుంది, చెల్లెలి చదువుకు ఏం మిగులుతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే ఆ ఇంట్లో సంతకం జరగాలి.